ఫినాయిల్ లేని ఇల్లు

తను పనిచేసే ఆఫీసు ఫుడ్ కోర్టులో జ్యూస్ కౌంటర్ మూసేముందు సుగుణ సంచీ పట్టుకుని వెళ్ళింది. ఆ పూట పిండిన బత్తాయిల తొక్కలు కౌంటర్ కింద బకెట్లో ఉన్నాయి. వాటిలోంచి స్ట్రాలు, టిష్యూ ముక్కలు, మెత్తబడిన తొక్కలు ఏరి పక్కన పడేసింది. మిగిలినవి సంచీలో వేసుకుంది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను సంచీ తెరిపించి, లోపల చెయ్యి పెట్టి కలిపాడు.

"మళ్ళ ఇవేనా? మేకలున్నయా ఇంట్ల?"

"ఉన్నదన్నా. రెండు కాళ్ళ మేక. రేపొస్తది," అంది సుగుణ.

గచ్చిబౌలిలో షేర్ ఆటో ఎక్కి, కొండాపూర్‌లో మారి, హఫీజ్‌పేట్‌లో దిగింది. వీరలక్ష్మి గారి ఇంటి కింది పోర్షన్‌లో సుగుణ వాళ్ళు అద్దెకుంటున్నారు. ఒక గది, వంటగది. వెనక ఉతుకుడు బండ, దాని పక్కన బాత్రూం.

చెప్పులు విడవకముందే సుగుణ వంటగదిలో మూలనున్న క్యాన్ మూత కొంచెం తిప్పింది. లోపలి గాలి బుస్సుమని బయటికొచ్చింది. రోజుకోసారి ఆ మూత తిప్పాలి. మొదట్లో ఒకసారి మరిచిపోతే క్యాన్ ఉబ్బి పగిలి, బెల్లపు నీళ్ళు బియ్యం డబ్బా కిందికి పోయాయి. ఇప్పుడు మరిచిపోదు. తొక్కలు, బెల్లం, నీళ్ళు కలిపి క్యాన్‌లో పోసి మూడు నెలలు ఊరబెడితే, వడకట్టిన నీళ్ళు గచ్చుకూ బాత్రూముకూ పనికొస్తాయి. సింకుకు వంటసోడా, నిమ్మచెక్క. గిన్నెలకూ బట్టలకూ కుంకుడు రసం. నల్లా మీది తెల్లమరకకు చింతపండు. ఫినాయిల్, యాసిడ్, బ్లీచింగ్, సబ్బు పొడి కొనడం మానేసింది. మానేసిన వాటి డబ్బు నెలనెలా ఒక డబ్బాలో వేస్తోంది. జూన్‌లో కూతురు స్టెల్లాను ఇక్కడి బడిలో చేర్పించడానికి ఆ డబ్బా.

భర్త మోషే డ్యూటీ నుంచి వచ్చాడు. కంపెనీ బస్సు నడుపుతాడు. గడప మీద నిలబడి గాలి పీల్చాడు.

"ఇల్లా, ఊరగాయ కొట్టా ఇది?"

"డాక్టర్ ఏమన్నడో యాది లేదా? ఆ ఘాటు మందులు ఇంట్ల ఉంటే పిల్లకు ఆయాసం తగ్గదన్నడు."

"యాదుంది. కాని గీ వాసనకు మనకే ఆయాసమొచ్చేటట్టున్నది."

"నువ్వు బస్సుల పెట్టిన సెంటు సీస తీసేసినవా?"

"ఎప్పుడో తీసేసిన. ఇప్పుడు ఎక్కినోళ్ళంత ముక్కు మూసుకుంటున్నరు."

సుగుణ నవ్వలేదు. కొంగు దోపి చీపురు తీసింది. మంచం జరిపింది. గోడకు ఆనించిన బియ్యం డబ్బా, ట్రంకు పెట్టె జరిపింది. తడిబట్టతో ఫ్యాను రెక్కలు తుడిచింది. కిటికీ అద్దాలకు నీళ్ళు చల్లి పేపరుతో రుద్దింది. మొన్న క్రిస్మస్ అయ్యాక స్టెల్లాను వికారాబాద్ పంపేదాకా ఆ అద్దాలను ఆమె యాసిడ్ కలిపిన నీళ్ళతో తుడిచేది.

స్టెల్లా ఉంటున్నది మోషే అక్క సెలీనా దగ్గర. సెలీనాకు పిల్లలు లేరు. కిందటి వారం ఫోన్లో మాట ఖరారు చేసింది.

"సెలవుల్ల నాలుగు దినాలు ఉంచుకొని చూడు సుగుణా. దగ్గు రాకుంటే జూన్‌ల నీ దగ్గరనే చదువుతది. వచ్చిందనుకో, పిల్ల నాకాడనే. ఇగ మళ్ళ అడగొద్దు. దాన్ని బస్తాలెక్క అటు ఇటు మోసుడు నాతోని కాదు."

"వదినా, నీకాడ అసలే వస్తలేదా దగ్గు?"

"ఒక్కనాడు గూడ రాలే. కొండగాలి కదా."

*

శుక్రవారం సుగుణ సెలవు పెట్టింది. సెలీనా పొద్దుటి బండికి పిల్లను తీసుకుని వచ్చింది. స్టెల్లా పొడవైంది. గౌను మోకాళ్ళ పైకి వచ్చింది. సుగుణ వాకిట్లోకి ఉరికి ఎత్తుకుంటే కాళ్ళు నేలకు తగిలాయి.

లోపలికి వచ్చి స్టెల్లా గది మధ్యలో నిలబడింది. ముక్కు ఎగబీల్చింది. వంటగదిలోకి పోయి ఎగబీల్చింది. బాత్రూం తలుపు తీసి చూసింది.

"ఇది మనిల్లేనా?"

"మరెవలిదే?"

"వాసనొస్తలేదు."

"అందుకే కద ఇంత చేసింది," అంది సుగుణ. సెలీనా వైపు చూసింది.

సెలీనా చేతిసంచీ కింద పెట్టకుండానే ఇల్లంతా తిరిగింది. గడప మూల వేలితో రాసి వేలు చూసుకుంది. బాత్రూంలో వంగింది. కిటికీ కింద నిలబడింది.

"ఫినాయిల్ లేదు గాని ఇల్లు మంచిగనే ఉన్నది," అంది చివరికి. "గిట్ల చేస్తె పురుగుబూచి రాదా?"

"వస్తె చీపురున్నది వదినా."

"సరే. చూద్దాం." ఇన్‌హేలర్, దానికి తగిలించే గొట్టం తీసి సుగుణ చేతిలో పెట్టింది. ఎలా పట్టాలో, ఎంతసేపు ఊపిరి బిగబట్టించాలో చేసి చూపించింది. సుగుణకు అది తెలుసు. తెలియనట్టు చూసింది. సెలీనా పోతూ పోతూ స్టెల్లా జడ విప్పి మళ్ళీ అల్లింది. రిబ్బను ముడి రెండుసార్లు సరిచేసింది. భోజనం చేసి పొమ్మంటే ఉండలేదు.

మధ్యాహ్నం తల్లీకూతుళ్ళు వెనక బండ మీద కూర్చుని కుంకుడుకాయలు కొట్టారు. సుగుణ రాయితో కొడితే స్టెల్లా పెంకు ఒక పక్కకు, గింజ ఒక పక్కకు వేసింది. కొన్ని గింజలు గౌను ఒడిలో దాచుకుంది. పెంకులు నానేసి, ఉడకబెట్టి, పిసికి, పాత లుంగీ గుడ్డలో వడకట్టారు. నురగను స్టెల్లా రెండు అరచేతుల్లో పట్టి ఊదింది. అది పోయి మోషే బనీను మీద పడింది.

"సబ్బయితే ఇంకా పెద్ద బుడగలొస్తయి డాడీ."

"సబ్బంటే మీ అమ్మ నన్ను గూడ వికారాబాద్ పంపుతది."

ఆ రాత్రి పిల్ల హాయిగా నిద్రపోయింది. సుగుణ ఆమె వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. చెయ్యి పైకీ కిందికీ కదిలింది.

*

శనివారం పిల్లను మేడమీద వీరలక్ష్మి గారికి అప్పజెప్పి డ్యూటీకి పోయింది. సుగుణకు నాలుగో అంతస్తు, లేడీస్ వాష్‌రూములు. తలుపు పక్కన గోడకు ఒక ట్యాబ్ ఉంటుంది. అందులో నవ్వే ముఖం, మామూలు ముఖం, ఏడుపు ముఖం. లోపలికి వెళ్ళి వచ్చినవాళ్ళు ఏదో ఒకటి నొక్కిపోతారు. ఆ పూట ఎవరో ఏడుపు ముఖం నొక్కారు. సూపర్‌వైజర్ రామచంద్రం ఫోన్‌కు అది వెంటనే చేరింది. లిఫ్టులోంచే మాట్లాడుతూ వచ్చాడు.

"ఏమ్మా, లిక్విడ్ పోస్తున్నవా, ఇంటికి పట్కపోతున్నవా?"

"పోస్తున్న సార్. ఇంకా ఎక్కువ పోస్తే కండ్లు మండుతున్నయి."

"నీ కండ్లు ఎవడు చూస్తడమ్మా? వాసన రావాలె. వాసనొస్తేనే కడిగిన్రని తెలుస్తది వాళ్ళకు. ఇంకా పొయ్యి."

సుగుణ నీలం లిక్విడ్ పోసింది. తెల్లది పోసింది. మూతికి గుడ్డ కట్టుకుని బ్రష్షుతో రుద్దింది. నీళ్ళు ఎగిరి చేతుల మీద, ఛాతీ మీద పడ్డాయి. సాయంత్రం వరకు అదే పని.

ఇంటి గేటు తీసేసరికి స్టెల్లా పరిగెత్తుకొచ్చింది. సుగుణ రెండు చేతులూ ముందుకు చాపి ఆపింది.

"ముట్టుకోకు బిడ్డా! ఆడ్నే ఉండు. తానం చేసొస్త."

పక్కసందులోంచి వెనక్కు పోయింది. యూనిఫాం విప్పి బకెట్లో పడేసి మూత పెట్టింది. కుంకుడు రసంతో తలంటుకుంది. మోచేతుల దాకా, మెడ కింద, చెవుల వెనక రుద్దుకుంది. ఆఫీసుది ఏదీ తనతో ఇంట్లోకి రాకూడదు. ఈ నియమం తనకు తానే పెట్టుకుంది.

బయటికి వచ్చేసరికి స్టెల్లా బండ మీద కూర్చుని ఉంది. సుగుణ దగ్గరికి తీసుకుంది. పిల్ల ముఖం ఆమె భుజానికి ఆనించి, తర్వాత మెడకు ఆనించి, వెంటనే వదిలేసింది.

"ఏందే? అమ్మ వద్దా?"

"ఆకలైతుంది," అంది స్టెల్లా.

అన్నం తింటుండగా దగ్గు మొదలైంది. మొదట ఒకటి. తర్వాత వరసగా. సుగుణ గొట్టం తెచ్చి నోటికి పట్టింది. మోషే కిటికీలు తీశాడు. కాసేపటికి తగ్గింది. సెలీనా ఫోన్ చేస్తే సుగుణ అబద్ధమాడలేదు.

"వచ్చింది వదినా. ఒక్కసారే."

అవతల సెలీనా, "మంగళారం సాయంత్రం వస్త," అంది.

ఆదివారం చర్చి నుంచి రాగానే సుగుణ వెతకడం మొదలుపెట్టింది. మంచం కింద దూరింది. పరుపు ఎండలో వేసింది. మోషే చొక్కాలు ఒక్కొక్కటే వాసన చూసింది. మెట్ల కింద తడి కనబడింది. వంగి చూస్తే తెల్లగా ఉంది. విసవిసా మేడెక్కింది.

"అమ్మా, మెట్లకు యాసిడ్ పోసిన్రా?"

వీరలక్ష్మి గారు పప్పు ఏరుతున్నారు. తణుకు దగ్గరి మనిషి. చేటలోంచి తల ఎత్తారు.

"అదేం మాటమ్మా! నీ కూతురొస్తుందన్నావని మెట్లమీద ముగ్గు తప్ప ఇంకోటి వేశానా? అది ముగ్గు కడిగిన నీళ్ళు. కావాలంటే వెళ్ళి నాకి చూడు."

"అట్ల కాదమ్మా..."

"ఇంకెట్లా? నువ్విచ్చిన తొక్కల నీళ్ళే బాత్రూములో పోస్తున్నాను. మా ఆయనేమో, వీరలక్ష్మీ, బాత్రూముకి వెళ్తే బత్తాయి తినాలనిపిస్తోందేవిటే అంటున్నాడు." ఆవిడ చేట కింద పెట్టారు. సుగుణ ముఖం చూశారు. "మళ్ళీ వచ్చిందా దగ్గు?"

సుగుణ తల ఊపింది. మెట్లు దిగింది. ఆ రోజంతా పిల్లకు దగ్గు రాలేదు. ఆదివారం సుగుణ ఇంట్లోనే ఉంది. యూనిఫాం ఉతికి తీగ మీద ఆరేసి ఉంది. ఆ రెండూ కలిపి ఆలోచించాలని ఆమెకు తోచలేదు.

*

సోమవారం సాయంత్రం సుగుణ బాత్రూంలో ఒంటిమీద నీళ్ళు పోసుకుంటోంది. మగ్గు ఆపినప్పుడు ఒక చప్పుడు వినిపించింది. సన్నగా ఉంది. ఆపి ఆపి వస్తోంది. పిల్లికూతలు. ఆ చప్పుడు ఆమెకు తెలుసు.

తడి ఒంటికి చీర చుట్టుకుని తలుపు తీసింది. బకెట్ మూత కింద దొర్లి ఉంది. స్టెల్లా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. యూనిఫాం పైచొక్కా మడిచి రెండు చేతులతో ముఖానికి హత్తుకుంది. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. చొక్కా మాత్రం వదల్లేదు.

సుగుణ చొక్కా లాగి అవతలికి విసిరేసింది. పిల్లను ఎత్తుకుని లోపలికి పరిగెత్తింది. గొట్టం పట్టింది. "పీల్చు. పట్టు. ఇడువు. మళ్ళ." ఆమె జుట్టులోంచి నీళ్ళు పిల్ల ఒళ్ళో పడుతున్నాయి. ఊపిరి సర్దుకున్నాక గొట్టం పక్కన పెట్టింది.

"ఎందుకు తీసినవే దాన్ని?"

స్టెల్లా తల వంచుకుంది.

"కొట్టను. చెప్పు."

"నువ్వు తానం చేస్తే నువ్వుండవు."

"ఈడ్నే ఉన్న కదనే."

"ఉన్నవు గాని... వాసన పోతది. ఇంట్ల గూడ లేదు. అన్ని కడిగేసినవు."

సుగుణ జారుతున్న చీరను భుజం మీదికి లాక్కుంది.

"అత్తోళ్ళింట్ల ఆఫీసుల నువ్వు మూతికి కట్టుకునే చున్నీ ఉన్నది. నేను పోయేటప్పుడు తెచ్చుకున్న. దిండు కింద పెట్టుకుంట. దగ్గొస్తె దుప్పట్ల దగ్గుత. అత్త వింటే తీస్కుంటది."

"అత్తకు తెల్వదా మరి?"

"ఒకపారి తెలిసింది. గొట్టం పెట్టింది. మీ అమ్మకు చెప్పకు బిడ్డా, పరేషాన్ అయితది అన్నది."

సుగుణ పిల్ల తలను ఒళ్ళోకి లాక్కుంది. ఒక్కనాడూ రాలేదన్న సెలీనా గొంతు గుర్తొచ్చింది. కోపం రాబోయింది. రిబ్బను ముడి రెండుసార్లు సరిచేసిన వేళ్ళు గుర్తొచ్చాయి. కోపం సగంలో ఆగింది.

మోషే వచ్చాక అన్నం పెడుతూ అడిగింది.

"నేనేం వాసనొస్తనయ్యా?"

"ఏంది?"

"చెప్పు. నా దగ్గర ఏం వాసనొస్తది?"

మోషే ముద్ద పట్టుకుని ఆలోచించాడు. "ఇన్నొద్దులు ఆఫీసు. ఇప్పుడు కుంకుళ్ళు."

"పెండ్లప్పుడు?"

"మల్లెపూలు. మా అక్క పూసిన సెంటు."

"మరి నేను నా వాసనెప్పుడొచ్చిన?"

మోషే ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. సుగుణ తన ముంజేయి ముక్కు దగ్గర పెట్టుకుంది. మోచేతి లోపలి మడత దగ్గర పెట్టుకుంది. కుంకుడు వాసన తప్ప ఇంకేమీ తెలియలేదు. కడిగీ కడిగీ పోయిందో, అసలు మొదటినుంచీ లేదో ఆమె తేల్చుకోలేకపోయింది.

*

మంగళవారం పొద్దున హాజరు వేయించుకున్నాక సుగుణ రామచంద్రం దగ్గర నిలబడింది.

"సార్, నన్ను వాష్‌రూముల నుంచి తీసెయ్యున్రి."

"ఎటు పోతవ్?"

"ప్యాంట్రీకి. కప్పులు కడుగుత."

రామచంద్రం నవ్వాడు. "ప్యాంట్రీకి వయసు పిల్లలు కావాలంటరమ్మా. కంపెనోళ్ళే ఫోటోలు చూసి తీస్కుంటరు. నువ్వు కాఫీ ఇస్తే తాగుతరా?"

అతను ఆ మాట కావాలని అనలేదు. రోజూ అనే మాటే అన్నాడు. సుగుణ కదల్లేదు.

"మరి బయటికి. బయట ఊడుస్త."

"ఎండలనా?" అతను రిజిస్టరు మూశాడు. "ఏసీలకెళ్ళి ఎండలకు అడిగి పోయేటోళ్ళని నేను చూడలె. షిఫ్టు అలవెన్సు గూడ రాదు. తెలుసా?"

"తెలుసు సార్."

"ఇంట్ల ఏమన్న లొల్లా?"

"లేదు సార్. ఇయ్యాల్టి నుంచే పంపున్రి."

బయట పని మల్లమ్మది. రెండేళ్ళుగా లోపలికి వేయమని బతిమాలుతోంది. సుగుణ పొడుగు చీపురు అడిగితే మొదట ఇవ్వలేదు.

"నీకు పిచ్చి లేసిందా పిల్లా? మాడిపోతవ్."

"నువ్వు మాడలేదా?"

"నేను మాడేటట్టే పుట్టిన. సరే తియ్. మళ్ళ రేపొచ్చి, అక్కా నా ఏసీ నాకియ్యి అంటే ఊకోను." మల్లమ్మ చీపురు చేతికిచ్చింది. తన తలగుడ్డ విప్పి సుగుణ తలకు కట్టి, ముడి గట్టిగా బిగించింది. తర్వాత గ్లాస్ డోర్ లోంచి లోపలికి పోయి, చల్లగాలి కింద ముఖం పైకెత్తి నిలబడింది.

సుగుణ పార్కింగ్ ర్యాంపు ఊడ్చింది. బస్సులు ఆగే చోట రాలిన పూలు, సిగరెట్ పీకలు ఎత్తింది. గడ్డి అంచున పైపు పట్టింది. మధ్యాహ్నానికి రాళ్ళు చెప్పుల్లోంచి కాలాయి. చెమట వీపు మీదుగా నడుములోకి దిగింది. నీడకోసం జెనరేటర్ గది గోడ పక్కన కూర్చుని డబ్బా విప్పింది. అన్నం ఎండకు వేడెక్కి ఉంది. అద్దాల భవనం మీది ఎండ తిరిగొచ్చి కళ్ళలో పడింది. ఒకసారి కళ్ళు తిరిగితే పైపు నీళ్ళు నెత్తిన పోసుకుంది. సాయంత్రం చీపురు పట్టుకుని లేచేసరికి నడుము నిలబడలేదు.

ఇల్లు చేరేసరికి సెలీనా వచ్చి ఉంది. గడప దగ్గర కుర్చీలో కూర్చుంది. ఆమె చేతిసంచీ, స్టెల్లా బట్టల బ్యాగు పక్కపక్కనే సర్ది ఉన్నాయి. మోషే గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"గీ అవతారమేంది సుగుణా?" అంది సెలీనా. "మట్టిల పండుకున్నవా?"

"బయట పని తీస్కున్న వదినా."

స్టెల్లా లోపలి నుంచి వచ్చి గడప మీద ఆగింది. ముందుకు రాలేదు. వెనక బండవైపు చూసింది. తల్లి ఇప్పుడు అటు పోతుందని, స్నానం అయ్యేదాకా ఆగాలని ఆ పిల్లకు తెలుసు.

సుగుణ వెనక్కు పోలేదు. తలగుడ్డ విప్పింది. వాకిట్లో కింద కూర్చుంది.

"రా," అంది.

స్టెల్లా తండ్రి వైపు చూసింది. మళ్ళీ తల్లి వైపు చూసింది. రెండడుగులు వేసి ఆగింది. తర్వాత ఒక్క ఉరుకు ఉరికింది. సుగుణ మెడలో ముఖం పెట్టింది. చెవి వెనక పెట్టింది. చెమటకు తడిసి ఎండి, మళ్ళీ తడిసిన చొక్కా భుజం మీద పెట్టింది. అక్కడ లోపలికంటా పీల్చింది.

సెలీనా కుర్చీలోంచి లేచింది. మోషే గొట్టం చేతిలోకి తీసుకున్నాడు. సుగుణ పిల్ల వీపు మీద చెయ్యి వేసింది. హఫీజ్‌పేట్ స్టేషన్లో ఒక బండి వచ్చి ఆగి, కదిలిపోయిన చప్పుడు వినిపించింది. పిల్ల వీపు ఎగిసింది, దిగింది. మళ్ళీ ఎగిసింది. లోపల ఏ కూతా లేదు.

స్టెల్లా ముఖం ఎత్తింది. ముక్కు చిట్లించింది.

"కంపు కొడుతున్నవే అమ్మా," అంది. మళ్ళీ అక్కడే ముఖం పెట్టేసింది.

సుగుణకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోబోతే భుజాలు కదిలాయి. ఆ కదలికకు పిల్ల ఇంకా గట్టిగా పట్టుకుంది.

సెలీనా వాళ్ళనే చూస్తూ కొంగుతో మూతి తుడుచుకుంది.

"వదినా," అంది సుగుణ, "తిని పో. ఇయ్యాలన్న ఉండు."

"లేదు సుగుణా. నా బండికి టైమైతున్నది."

మోషే వంగి రెండు సంచీలూ ఎత్తాడు. సెలీనా అతని చేతిలోంచి బట్టల బ్యాగు తీసుకుంది. లోపలికి పోయి మంచం మీద పెట్టింది. జిప్పు తీసి, పైనున్న గౌను మడత ఒకసారి సరిచేసింది.

"దిండు కింద ఒక చున్నీ ఉన్నది మా ఇంట్ల," అంది వెనక్కు తిరగకుండా. "ఉతికి పంపుత."